డయాలిసిస్‌కు దారి ఇచ్చిన మణికట్టు సిర

డయాలిసిస్ చేయించుకొంటున్న వారి ముంజేతిని ఎప్పుడైనా గమనించారా? చర్మం కింద తాడులా ఉబ్బిన సిర కనిపిస్తుంది. దానిపై వేలు ఆనిస్తే లోపల తుమ్మెద రొద చేస్తున్నట్లు అదురు తెలుస్తుంది. చూసినవారు అదొక కొత్త జబ్బేమోనని జాలిపడతారు. నిజానికి ఆ మనిషి ప్రాణం దానిపైనే ఆధారపడి ఉంటుంది.

1943లో, జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణపు ఆసుపత్రిలో విల్లెమ్ కోల్ఫ్ అనే యువ వైద్యుడు తిరిగే పీపా చుట్టూ సెలోఫేన్ గొట్టం చుట్టి కృత్రిమ మూత్రపిండాన్ని రూపొందించారు. యంత్రం రక్తాన్ని శుద్ధి చేయగలిగింది. చిక్కంతా ఆ రక్తాన్ని బయటికి తీసుకురావడంలోనే. పదే పదే నాళాలను కోసి గొట్టాలు అమర్చవలసి వచ్చేది. అలా వాడిన నాళం మళ్లీ పనికివచ్చేది కాదు. తొలి రోగులలో ఒక యువతికి పన్నెండు విడతలు పూర్తయ్యేసరికి గొట్టం అమర్చడానికి చోటు మిగలలేదు. ఆమె మరణించింది. యంత్రం మాత్రం బాగానే ఉంది.

అందువల్ల చాలా ఏళ్లపాటు డయాలిసిస్, మూత్రపిండాలు తిరిగి కోలుకొంటాయన్న ఆశ ఉన్నవారికే పరిమితమైంది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు ఉంచి, చికిత్స లేని వేళల్లో చర్మం వెలుపల వాటిని కలిపివేశారు. రక్తం ఆగక పారుతూ ఉండటంతో గొట్టాలలో గడ్డకట్టడం తగ్గింది. ఆయన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆపైన పదకొండేళ్లు జీవించారు. అయినా, చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చిన గొట్టం క్రిములకు తెరిచిన వాకిలే కదా!

1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, వారి సహచరులు గొట్టాన్నే తీసివేశారు. మణికట్టు వద్ద ధమనిని సిరకు చర్మం లోపలే కలిపి కుట్టారు. ఇదే ఫిస్టులా. సిర పలుచనిది, తక్కువ ఒత్తిడికి అలవాటుపడినది. ధమని రక్తం ఉరవడిగా వచ్చి పడటంతో కొన్ని వారాలలో అది వెడల్పై, గోడలు మందమై, మాటిమాటికీ సూదిపోటును తట్టుకోగలుగుతుంది. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తాన్ని యంత్రానికి అందించగలుగుతుంది. దీనికి మూల్యమూ లేకపోలేదు. దగ్గరిదారి దొరికిన రక్తం గుండెకు అదనపు పని కల్పిస్తుంది. కొందరికి ఆ చేతివేళ్లు చల్లబడి నొప్పెడతాయి.

అరవై ఏళ్లు దాటినా ఈ ఫిస్టులాకు పెద్దపీట తగ్గలేదు. కానీ దానికి చెడని సిర కావాలి. మూత్రపిండాలు బలహీనపడ్డాయని తెలిసిన రోగికి కూడా నీరసమనగానే ముంజేతికి సెలైన్ ఎక్కించడం మన దగ్గర పరిపాటి. రేపటి ఫిస్టులాకు పనికివచ్చే సిర అలా ఈనాడే గట్టిపడిపోతుంది. సూది తప్పనిసరైతే అరచేతి వెనుక భాగాన వేయమని మీరే అడగండి. ఫిస్టులా ఉన్న చేతికి రక్తపోటు పట్టీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. రోజూ ఉదయం వేలు ఆనించి ఆ అదురును చూసుకోండి. అది ఆగితే, మరుసటి డయాలిసిస్ దాకా వేచి ఉండక, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.