గోడల అవతలి ఇల్లు

ప్రత్యేక సంచికకు ఇళ్ళ గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అద్దె ఇల్లు, క్వార్టరు, మళ్ళీ అద్దె ఇల్లు – మనందరి కథా అదే గదా! ఇల్లు చూడబోతే గచ్చు, గోడలు, తలుపులు తట్టి చూస్తాం. మురుగు ఎటు పోతుందని అడిగినవారు మనలో ఎందరు?

హైదరాబాదుకు ఆ ప్రశ్న నేర్పింది కష్టకాలమే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన వరదను ఆపే జలాశయాలతోపాటు నగరం మురుగు సంగతీ ఆలోచించారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈలోగా 1911లో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలు ఎలుకలకు ఆటపట్టులు. 1912లో ఏడవ నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేయడం, కాలువలు వేయడం, చిన్న ఆదాయాలవారికి వరుసగా ఇళ్ళు కట్టడం దాని పని. తొలగించిన పేదలందరికీ ఆ ఇళ్ళు దక్కాయని నేననను. కాని ఇంటికి గోడ ఎంత ముఖ్యమో, ఇంటికీ ఇంటికీ నడుమ ఖాళీ అంత ముఖ్యమని ఆ బోర్డువారు గ్రహించారు. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు వచ్చింది.

1984లో నాకు దక్కినది అలాంటి బోర్డు ఇల్లే. ఎల్.ఐ.జి. రెండు గదులు, వంటిల్లు, వెనుక కాస్త ఖాళీ స్థలం, అందులో ఒక వేపచెట్టు, దాని పక్కనే మురుగు చాంబరు. వాయిదాలు కట్టడానికి మా ఆవిడ గాజులు రెండుసార్లు తాకట్టుకు వెళ్ళాయి.

1996లో పెద్దవాడి పెళ్ళి కుదిరింది. గది కావాలి. వేపచెట్టు కొట్టించి వెనుక స్థలమంతా కప్పించాను. మేస్త్రీ చెప్పనే చెప్పాడు: ‘‘సారూ, చాంబరు మీద గోడ లేపితే రేపు జామైనప్పుడు ఎట్ల తీస్తరు?’’ అటువారూ ఇటువారూ కట్టుకోలేదా అన్నాను. నాడు ఆఫీసులో నేను ఎన్ని ఫైళ్ళ మీద ‘నిబంధనలకు విరుద్ధం’ అని వ్రాశానో నాకే తెలియదు.

అప్పటినుంచి వంటింట్లో పట్టపగలే లైటు వేయాలి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లి సున్నం పెచ్చులూడేది. ఏటా రంగులు వేయించాను గాని కారణం ఎతకలేదు. 2007 చివర క్రమబద్ధీకరణ పథకం వస్తే దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, రసీదు భద్రంగా దాచాను. చాంబరు మాత్రం గోడ కిందే ఉంది.

2020 అక్టోబరు 13 రాత్రి నగరమంతా కుండపోత. మురుగు ముందుకు పోయే దారిలేక స్నానాల గదిలోంచి ఎగదన్నింది. మాకు చీలమండల వరకే వచ్చింది. పక్కింటి నేల పల్లం. ఒంటరిగా ఉండే ఆ పెద్దావిడ, ఫ్యామిలీ పెన్షన్ కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని, తెల్లవార్లూ మంచం మీదే కూర్చుంది. పొద్దున మా ఆవిడ కాఫీ తీసుకెళితే, ‘‘మీ ఇంట్లోకీ వచ్చిందా వదినా?’’ అని అడిగిందట. మా గోడ సంగతి ఆవిడకు తెలుసు. ఒక్క మాట అనలేదు.

మరుసటి వేసవిలో ఆ గది పడగొట్టించాను. ‘‘నెలకింత అద్దె వస్తుంది గదా నాన్నా’’ అని పెద్దవాడు ఫోనులో గొణిగాడు. చాంబరు తెరిస్తే సిమెంటు సంచి ముక్కలు, మా ఇటుక పెళ్ళలే బయటపడ్డాయి. పాతికేళ్ళనాటివి. మధ్యాహ్నానికి నీరు కదిలింది. వంటింట్లోకి ఎండ వచ్చింది.

అటుపక్క రెండిళ్ళ చాంబర్లు ఇంకా గోడల కిందే ఉన్నాయి. రేపు ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. ఆ రసీదు కూడా పట్టుకెళ్తాను.