ఫోర్ట్ వర్త్ నగరమునకు వచ్చిన వైద్యుడు

ఇంట ఒకరికి జబ్బు చేసినపుడు వైద్యుని పిలిపించు బాధ్యత ఇంటి యజమానిది. నగరమునకు జబ్బు చేసినపుడు పిలువవలసిన యజమాని యెవరు? నగరపాలక సభయా, రాష్ట్ర ప్రభుత్వమా, లేక అచట దుకాణములు పెట్టుకొని బ్రదుకు వర్తకులా? అమెరికా దేశములోని ఫోర్ట్ వర్త్ నగరమున 1955లో ఈ ముగ్గురును గాక నాలుగవవాడు ముందుకు వచ్చెను. ఆయన ఒక విద్యుచ్ఛక్తి కంపెనీ అధ్యక్షుడు. ఆయన పిలిపించిన నిపుణుడు వ్రాసి యిచ్చిన మందుచీటీని దేశదేశముల వారు చదివిరి. రోగి మాత్రము మందు పుచ్చుకొనలేదు. ఆ కథను ఇచట కొంత వివరముగా చెప్పదలచితిమి.

ఫోర్ట్ వర్త్ టెక్సాస్ రాష్ట్రమున, డాలస్ నగరమునకు పడమట సుమారు ముప్పది మైళ్ళ దూరమున నున్నది. 1849లో సైనిక స్థావరముగా పుట్టి, 1876లో రైలుమార్గము వచ్చిన పిమ్మట పశువుల వ్యాపారముతో పెరిగినది. ఆవుల ఊరు అని దానికి నేటికిని ముద్దుపేరు. 1950 జనాభా లెక్కలలో అచటి ప్రజలు సుమారు 2 లక్షల 79 వేలు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత అమెరికా నగరములలో పెక్కింటికి పట్టిన వ్యాధియే దీనికిని పట్టెను. కార్లు కొన్నవారు ఊరి వెలుపల ఇండ్లు కట్టుకొనిరి. వారి వెంట దుకాణములును వెలుపలికి నడచెను. నడిబొడ్డుకు రాదలచినవారికి కారు నిలుపుటకు చోటు లేదు. చోటు కల్పించుటకై పాత కట్టడములను పడగొట్టినచో, ఏ దుకాణము కొరకు వచ్చిరో ఆ దుకాణమే లేకపోవును.

టెక్సాస్ ఎలక్ట్రిక్ సర్వీస్ కంపెనీ అధ్యక్షుడగు జె. బి. థామస్ దీనిని గమనించెను. ఊరి నడుమ దీపములు తగ్గుచున్నవను సంగతి విద్యుత్తు అమ్మువానికి కాక మరెవరికి ముందు తెలియును! ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’ పత్రికలో 1954లో విక్టర్ గ్రూయెన్ అను వాస్తుశిల్పి వ్రాసిన వ్యాసమును ఆయన చదివి, ఆ రచయితకే కబురు పంపెను. ప్రణాళిక వ్రాయించుటకగు వ్యయమును కంపెనీయే భరించెను.

గ్రూయెన్ 1903లో వియన్నా నగరమున పుట్టిన యూదుడు. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించుకొనగా అమెరికాకు తరలిపోయి, అచట దుకాణముల ముఖభాగములను తీర్చుటతో వృత్తిని మరల ప్రారంభించెను. పిదప ఊళ్ళ వెలుపల పెద్ద పెద్ద వర్తక కేంద్రములను నిర్మించి పేరు గడించెను. డెట్రాయిట్ చెంత 1954లో తెరచిన నార్త్‌లాండ్ వానిలో నొకటి. ఊరి వెలుపలి వర్తకమును పెంచినవానినే ఊరి లోపలి వర్తకమును కాపాడుమని పిలుచుట చిత్రముగా తోచవచ్చును. కాని ముల్లును ముల్లుతోనే తీయవలెను గదా! నార్త్‌లాండ్‌లో కార్లన్నియు చుట్టును ఆగును. లోపల మనుష్యులు నిశ్చింతగా నడచుచుందురు. ఊరి వెలుపల కొత్తగా కట్టినచోట సాధ్యమైనది నూరేండ్ల నగరమున ఏల సాధ్యము కాదని అతని ప్రశ్న.

అతడు పని ప్రారంభించిన తీరు మిక్కిలి గమనింపదగినది. వీథులను ఎంత వెడల్పు చేయవలెనని అతడు మొదట అడుగలేదు. 1970 నాటికి నడిబొడ్డున ఎంత వ్యాపారము జరుగవలెను, దానికి ఎందరు మనుష్యులు రావలెను అని అడిగెను. వారందరును కార్లలో వచ్చినచో వీథులకు ఎంత నేల కావలయునో పిమ్మట లెక్కించెను. అప్పటికున్న వీథులు సుమారు 50 లక్షల చదరపు అడుగులు. కావలసినది 1 కోటి 60 లక్షల చదరపు అడుగులని తేలెను. అనగా వీథులు మూడింతలకు మించి పెరుగవలెను. అంత నేలను వీథులకే యిచ్చిన తరువాత నగరమని చెప్పుకొనుటకు ఏమి మిగులును? ఆ ప్రణాళిక మొత్తములో ఈ లెక్కయే ఉత్తమ భాగమని మేము తలచుచున్నాము. బొమ్మలు గీయగలవారు పెక్కురు గలరు. అడుగవలసిన ప్రశ్నను మార్చగలవారు తక్కువ.

1956 మార్చి 10వ తేదీన ప్రణాళిక వెల్లడి చేయబడెను. నడిబొడ్డు చుట్టును వలయమువలె ఒక రాజమార్గము. దానినుండి లోనికి చొచ్చుకొని వచ్చు ఆరు మహా గారేజీలు. వానియందు మొత్తము 60,000 కార్లకు చోటు. గారేజీలో కారు దిగినవాడు రెండున్నర నిమిషములు నడచిన చాలును, నడిబొడ్డున ఎచటికైనను చేరగలడు. వలయము లోపల కారు అను మాటయే లేదు. సరకులు తెచ్చు లారీలకు నేల క్రింద సొరంగ మార్గములు. నడువలేని ముదుసలులకును మూటలు మోయువారికిని మెల్లగా తిరుగు చిన్న విద్యుచ్ఛకటములు. థామస్ గారికి ఈ చివరి అంశము ప్రత్యేకముగా రుచించి యుండును! కోటగోడలను కూల్చుటకు 1857లో చక్రవర్తి ఆనతి యిచ్చిన పిమ్మట వియన్నాలో వెలసిన వలయ వీథిని ఎరిగినవారికి, ఈ బొమ్మలో గ్రూయెన్ పుట్టిన ఊరి నీడ కనుపింపక మానదు.

పత్రికలు మెచ్చుకొనెను. నగర నిర్మాణ పండితులను తీవ్రముగా విమర్శించిన జేన్ జేకబ్స్ అను రచయిత్రి సైతము 1961లో ప్రచురించిన తన ప్రసిద్ధ గ్రంథమున దీనిని ప్రశంసించెను. కార్లను వెలివేయుట ఒక్కటియే గాక, కాలిబాటలపై చిన్న అంగళ్ళు, ఆరుబయట ఫలహారశాలలు, సంగీత సభలు ఏర్పరచి వీథికి సందడి కూర్చుట గ్రూయెన్ సంకల్పమని ఆమె గుర్తించెను. అనుకరించినవారు దీనిని మరచిరని కూడ ఆమె ఎత్తిచూపెను.

ఇక అమలు. గారేజీలను నగరమే కట్టవలెను. దానికి రాష్ట్ర శాసనసభ అధికార మీయవలెను. అప్పటికే నడిబొడ్డున గారేజీలు నడుపుకొనుచున్న యజమానులకు ఇది తమ కూటిలో మన్ను కొట్టుటగా తోచెను. వారి మాటను కేవలము స్వార్థమని త్రోసివేయలేము. ప్రజాధనముతో పోటీకి దిగు నగరమును ఏ వ్యాపారియు స్వాగతింపడు. శాసనసభలో బిల్లు నెగ్గలేదు. గారేజీలు లేనిచో కార్లను ఎచట ఆపవలెను? కార్లు ఆగనిచో వీథులనుండి వానిని తొలగించుట యెట్లు? ఒక గుంజ ఊడగా పందిరి యంతయు ఒరిగినది. ప్రణాళికను ఓడించుచు ఎవరును తీర్మానము చేయలేదు. అది క్రమముగా మాటలలోనుండి జారిపోయెను.

తప్పు ఎవరిదని అడిగినచో, పిలిచినవారిది కొంత, వచ్చినవానిది కొంత అని చెప్పుదుము. థామస్‌కు ధనము గలదు, దూరదృష్టి గలదు. నేల సేకరించు అధికారము మాత్రము లేదు. గ్రూయెన్ అంతయు ఒక్కపెట్టున కట్టిననే నిలుచునట్టి ప్రణాళికను గీసెను. ఈ యేడు ఇంత, పై యేడు ఇంత అని సాగు నగరపాలక సభకు అది ఒదుగునది కాదు.

ముక్కలు మాత్రము ఇతర నగరములలో మొలచెను. మిషిగన్ రాష్ట్రములోని కాలమజూ నగరము గ్రూయెన్‌నే పిలిచి ప్రణాళిక వ్రాయించుకొని, 1959లో ఒక వీథిని నడచువారికే విడిచెను. వలయము, గారేజీలు కాగితము మీదనే నిలిచెను. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరమున ఫుల్టన్ వీథి 1964లో అట్లే మారి, 2017లో మరల కార్లకు తెరవబడెను. గ్రూయెన్ కడకు వియన్నాకే తిరిగి వెళ్ళి 1980లో మరణించెను.

ఫోర్ట్ వర్త్‌లో ఇంకొక చిత్రము జరిగినది. అచట లెనర్డ్ సోదరులకు ఒక పెద్ద దుకాణము గలదు. వారు ట్రినిటీ నది చెంత వేలాది కార్లకు విశాలమైన స్థలము ఏర్పరచి, అచటినుండి తమ దుకాణపు నేలమాళిగ దాక 1963 ఫిబ్రవరిలో సొంత రైలుమార్గము వేసిరి. వాషింగ్టన్ నగరమున వాడుక తప్పిన ట్రాము బండ్లను కొని, రూపు మార్చి నడిపిరి. కొంత దూరము నేలమీద, దుకాణము సమీపించినపుడు సొరంగమున సాగు ఆ ప్రయాణమునకు టిక్కెట్టు లేదు. కారును అంచున విడిచి నడిబొడ్డుకు చేరుట యను ఆలోచనను శాసనసభ అనుమతితో పనిలేక ఒక అంగడి తన మట్టుకు తాను నెరవేర్చుకొనెను. 1967లో ఆ దుకాణము చేతులు మారెను. బండ్లు మాత్రము 2002 ఆగస్టు వరకు, ముప్పదితొమ్మిదేండ్లు, నది ఒడ్డునుండి ఊరి నడుమకు మనుష్యులను ఉచితముగా చేరవేయుచునే యుండెను.