మట్టి కాని మట్టి

కారు రంగు మీద రుద్దే క్లే బార్‌కి అంత రేటేంటి, పిల్లలాడుకునే మట్టిముద్దలా ఉంటేనూ! చరిత్ర తిరగేస్తే సంగతి కొంత తెలిసింది.

పేరుకే మట్టి. జపాన్‌కి చెందిన తదావో కొదాతెకి 1995లో వచ్చిన అమెరికా పేటెంటులో దాన్ని మెత్తటి, వంగే సానరాయి అన్నారు. పాలీబ్యూటీన్ లాంటి సాగే పదార్థంలో సన్నటి రాపిడి పొడి కలిపిన ముద్ద, అంతే. పక్క బండికి కొట్టిన పెయింటు తుంపర్లు, రైళ్ళలో తరలించే కొత్త కార్లకి అతుక్కునే ఇనుప రజను... వీటిని పాలిష్ పట్టి వదిలిస్తే రంగుపొర కూడా కాస్త అరిగిపోతుంది. క్లే ఆదా చేసేది ఆ పొరనే. కాబట్టి మొదట్లో రేటు ఆ ఐడియాకి. పేటెంటు హక్కులున్న డాలస్ కంపెనీ ఆటో వాక్స్, పోటీదార్లని కోర్టుకి కూడా లాగింది. (పేటెంటు గొడవలు మన ఫీల్డువాళ్ళకి కొత్తా ఏంటి!)

ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు ఎక్కువ పెట్టి కొంటే, నా లెక్కలో అది డబ్బా మీద పేరుకే. అసలు అవసరమా అంటారా? కడిగి ఆరిన కారు మీద, చేతికి పాలిథీన్ కవరు తొడిగి తడమండి. గరగరలాడితే మామూలు రకం కొనండి, నున్నగా ఉంటే వద్దు. గీతలు మాత్రం దీంతో పోవు. రుద్దేటప్పుడు సబ్బునీళ్ళు ధారాళంగా వాడాలి, తర్వాత వాక్స్ తప్పదు. ముద్ద కింద పడిందా, కక్కుర్తి పడకుండా పారేయండి. దానికంటిన ఇసుక కొత్త గీతలు పెడుతుంది.