నల్లగొఱ్ఱెలవారు గొల్లకొండ కెట్లు వచ్చిరి?

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు బాటలో తుర్కయంజాల్ అను నూరు గలదు. ఆ పేరు చదివిన బాలుడు "తుర్క యనగా నేమి?" అని యడుగక మానడు. "సాయిబులు" అని పెద్ద లొక్కమాటతో ద్రోసివేయుదురు. తొందరలో నున్నవారు "మనపై దండెత్తి వచ్చినవారు" అనియు నందురు. ఆ పసివాని ప్రక్క బల్లపై గూర్చుండు సాయిబుగారి పిల్లవాడు ఎక్కడినుండియు దండెత్తి రాలేదే! కావున నీ మాటను గొంచెము విప్పి చెప్పవలసియున్నది.

క్రీ.శ. 552లో మంగోలియా పచ్చికబయళ్లలో తుర్కులను తెగవా రొక రాజ్యమును నిలిపిరి. వారప్పటికి మహమ్మదీయులు కారు. మహమ్మదు ప్రవక్త పుట్టుటయే ఇంచుమించు 570లో. గుఱ్ఱములను, గొఱ్ఱెలను మేపుకొనుచు, ఆకాశమును దైవముగా గొలిచినవారు. తరువాత బడమరకు సాగి, ఇస్లామును స్వీకరించి, పారసీక దేశమునందును రాజులైరి. ఢిల్లీ నేలిన తొలి సుల్తానులు తుర్కు లగుటచే మన భాషలో తెగపేరే మతమునకు బేరైపోయెను.

పదునైదవ శతాబ్దమున నా తుర్కులలో నల్లగొఱ్ఱెలవారు, తెల్లగొఱ్ఱెలవారు అని రెండు వంశములుండెను. పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. నవ్విన సంగతి మఱవరు. 1467లో తెల్లగొఱ్ఱెల ఉజున్ హసనుచేత నల్లగొఱ్ఱెల రాజు జహాన్‌షా యోడి హతుడయ్యెను. ఆ యోడిన వంశపు యువకుడు సుల్తాన్ కులీ, హమదాను విడిచి ప్రాణములు దక్కించుకొని దక్కనుకు వచ్చి, బహమనీ సుల్తాను కొలువులో జేరెను. దండెత్తి వచ్చినవాడు గాడు, తలదాచుకొన వచ్చినవాడు. తెలంగాణమున కధికారియై, 1518 నాటికి గోలకొండలో స్వతంత్రుడయ్యెను.

గొల్లవాని కొక్కనికి గుట్టపై విగ్రహము దొరకగా కాకతీయరాజు విని యచ్చట మట్టికోట కట్టించెననియు, అందుచే నది గొల్లకొండ యయ్యెననియు జనులు చెప్పుకొందురు. దీనిని కథగానే చెప్పవలెను. చరిత్ర మని నమ్మించితిమేని, రేపు పెరిగి పెద్దవాడై మనలను బొంకరులనును. అట్లని కొట్టివేయనేల? గొఱ్ఱెల పేరు పెట్టుకొన్న వంశమువాడు గొఱ్ఱెలకాపరి కొండకు ఱేడగుట యెంత చక్కగా గుదిరెను!

1543లో సుల్తాన్ కులీ హత్యకు గుఱియైనపుడు, చిన్నకొడుకు ఇబ్రహీము విజయనగరమునకు బారిపోయి, అళియ రామరాయల నీడను ఏడేండ్లుండెను. అచ్చట దెలుగు రుచి మరిగెను. 1550లో గద్దె నెక్కిన యతనిని మన కవులు మల్కిభరాముడనిరి. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే యంకిత మిచ్చెను. తొలి యచ్చతెలుగు కావ్యమగు 'యయాతి చరిత్ర'ను బొన్నిగంటి తెలగన యంకితమిచ్చినది ఆయన యధికారి, పటానుచెరువు అమీన్‌ఖానునకు.

అట్టివాడే 1565లో రామరాయలపై గత్తి యెత్తెను. "అన్నము పెట్టినవానిపైనా?" అని బాలు డడుగును. దాచరాదు. రామరాయలు సుల్తానుల నొకరిపై నొకరిని ఉసికొల్పుచు, గోలకొండ కోటలను గూడ బుచ్చుకొనెను; ఆయన సేనలోనే మహమ్మదీయ సేనానులుండిరి. ఇది రెండు మతముల కయ్యమని చెప్పినచో పిల్లవానికి సులభముగా నర్థమగును గాని, అది నిజము గాదు.

తుర్కయంజాల్ దాటి యా బాటనే మఱికొంత దూరము పోయిన, మల్కిభరాముని పేరనే ఇబ్రహీంపట్నమున్నది. అచ్చట పెద్ద చెఱువు గలదు. ఒక యాదివారము పిల్లవానిని గట్టుపై గూర్చుండబెట్టి, నల్లగొఱ్ఱెల మొదలుకొని చెప్పుడు.