తెల్లవాడెవరో తేల్చిన కోర్టు

1918 డిసెంబరులో భారతీయుడైన భగత్ సింగ్ థింద్ అమెరికా సైనికుడి యూనిఫాంలో వెళ్లి పౌరసత్వ పత్రం అందుకున్నాడు. నాలుగు రోజులకే దాన్ని లాగేసుకున్నారు. నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మన్నారు.

1790 నాటి చట్టం ప్రకారం అక్కడ పౌరసత్వం తీసుకోవాలంటే శ్వేతజాతీయుడై ఉండాలి. 1870లో ఆఫ్రికా సంతతివారికీ ఆ హక్కు దక్కింది. ఆసియావాళ్ల సంగతే ఎటూ తేలలేదు. తెల్లవాడంటే ఎవరో చట్టంలో లేదు కాబట్టి ఏ జడ్జి ముందుకు వెళ్తే ఆయన మాటే వేదం. బొంబాయి పార్సీ భికాజీ బల్సారా 1910లో న్యూయార్క్‌లో నెగ్గాడు. థింద్ కూడా 1920లో ఒరెగాన్‌లో మళ్లీ నెగ్గాడు. ప్రభుత్వం ఊరుకోలేదు, కేసు సుప్రీంకోర్టుకెక్కింది.

అక్కడ థింద్ కేసు తేలడానికి మూడు నెలల ముందే, 1922 నవంబరు 13న, తకావో ఒజావా అనే జపనీయుడి అర్జీని అదే కోర్టు కొట్టేసింది. ఒంటి రంగుతో పని లేదు, తెల్లవాడంటే కాకేసియన్ అని జస్టిస్ జార్జ్ సదర్లాండ్ రాశారు. థింద్ లాయర్లకు అంతకంటే ఏం కావాలి? తమ మనిషి ఆర్యుడు, కాకేసియనే, పైగా అగ్రకులస్థుడని వాదించారు. అమెరికాలో తెల్లవాళ్లు నల్లవాళ్లను చూసినట్టే మా అగ్రకులాలు ఇండియాలోని ఆదివాసులను చూస్తాయని కూడా చెప్పుకున్నారు. ఇవాళ చదివితే తల దించుకోవాల్సిన వాదన అది.

అయినా ఫలితం దక్కలేదు. 1923 ఫిబ్రవరి 19న అదే సదర్లాండ్ మాట మార్చారు. శాస్త్రం ఏం చెబితేనేం, సామాన్యుడి దృష్టిలో హిందువు (అంటే భారతీయుడు) తెల్లవాడు కాడన్నారు. ఆయన స్వయంగా ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవారే!

ఆ తీర్పుతో అప్పటికే పౌరులైన భారతీయుల మీద రద్దు కేసులు మొదలయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయి, ఇండియా చూసి వద్దామన్నా అమెరికా పాస్‌పోర్టు దొరక్క, 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. థింద్ లాయరు సఖారామ్ గణేశ్ పండిత్ మాత్రం తన సొంత కేసులో ఎదురు నిలిచాడు. మీ పత్రాన్ని నమ్మే లాయరునయ్యాను, ఇల్లు కొనుక్కున్నాను, ఇప్పుడు కాదంటే ఎలా అన్నాడు. 1926లో అప్పీలు కోర్టు ఆయన వైపే మొగ్గింది.

భారతీయులకు పౌరసత్వానికి దారి తెరిచిన లూస్-సెల్లర్ చట్టం 1946 జులై 2న వచ్చింది. దాంతోపాటు ఏడాదికి వంద మంది వలసకు అనుమతి. ఆ చట్టం వచ్చాక కూడా, మన భీమవరంలో పుట్టి, లెడర్లీ ప్రయోగశాలలో ప్రపంచానికి మందులిచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

ఇక పిల్లల సంగతి. అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డకు ఆ హక్కు ఉండదు. హెచ్-1బి మీద ఉన్న తెలుగు కుటుంబాలు హడలిపోయింది అందుకే. అమలు తేదీ ఫిబ్రవరి 19: కాకతాళీయమే కావచ్చు, థింద్ తీర్పు రోజు! మూడు రోజులకే సియాటిల్ జడ్జి జాన్ కఫెనార్ దాన్ని నిలిపేశారు. జూన్‌లో సుప్రీంకోర్టు జిల్లా జడ్జీల దేశవ్యాప్త స్టేలకు కళ్లెం వేసింది. జులైలో న్యూహాంప్‌షైర్ జడ్జి జోసెఫ్ లాప్లాంట్, పిల్లలందరినీ ఒకే వర్గంగా గుర్తించి మళ్లీ ఆపారు. అసలు ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్న ప్రశ్నను డిసెంబరు 5న సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది.