గ్యాస్ నింపడం నుంచి లీకు వెతకడం దాకా

పాత కారు ఏసీలో చల్లదనం తగ్గిందంటే వేసవికి ముందు గ్యాస్ కొట్టించేయడం మన దగ్గర ఆనవాయితీ. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అయినా లీకు వెతక్కుండా నింపి పంపేస్తారు. దీన్ని మెకానిక్కుల నిర్లక్ష్యం కింద కట్టేస్తుంటారు గానీ, చరిత్ర చూస్తే ఆ నింద సగమే నిజం. యంత్రం తీరూ గ్యాస్ చవకదనమూ కలిసి పుట్టించిన అలవాటిది.

ఇంట్లో ఫ్రిజ్‌కు కంప్రెసర్, దాన్ని తిప్పే మోటారు ఒకే ఉక్కు డబ్బాలో ఉంటాయి. డబ్బాను వెల్డింగ్ చేసి మూసేస్తారు. మామూలు పెట్రోలు, డీజిల్ కారులో ఆ వీలు లేదు. కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పాలి కాబట్టి దాని షాఫ్టు బయటికి రావాలి, వచ్చిన చోట సీలు ఉండాలి. ఇంజిన్ అదురుకు తట్టుకోవడానికి కొంత మేరైనా రబ్బరు హోసులు వాడాలి. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో కంపెనీయే ఏసీ అమర్చిన నాటి నుంచీ ఈ బలహీనత వెంటే ఉంది.

పైగా 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం రూపొందించిన ఆర్-12 అనే ఏసీ గ్యాస్ వాసన లేనిది, మండనిది. అంతకుముందు ఫ్రిజ్‌లలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ కారితే ముక్కు ఊరుకోనిచ్చేది కాదు. ఏ గుణం చూసి ఆర్-12ను సురక్షితమని మెచ్చుకున్నారో ఆ గుణమే లీకును దాచిపెట్టింది. చిన్న డబ్బాల్లో చవగ్గా దొరికేది కాబట్టి అమెరికాలో కార్ల యజమానులే కొని నింపుకునేవారు. వెతికే పరికరం లేక కాదు. హాలైడ్ టార్చి అప్పటికే ఉంది: దాని గొట్టాన్ని జాయింట్ల వెంట జరుపుతూ పోతే, గ్యాస్ తగిలిన చోట నీలి మంట ఆకుపచ్చకు తిరిగేది.

ఓజోన్ పొరకు ఆర్-12 లాంటి సీఎఫ్‌సీ గ్యాసులతో ముప్పుందని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. వాటిని తగ్గించేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అమెరికాలో 1992 నుంచి ఆర్-12ను గాలికి వదలకుండా యంత్రంతో పట్టి దాచడం, మెకానిక్కులకు శిక్షణ పత్రం తప్పనిసరయ్యాయి. చిన్న డబ్బాల అమ్మకానికి కళ్లెం పడింది. 1995 చివరికి తయారీ ఆగి ధర పైకెళ్లాక, వెతకడమే లాభమని లెక్క తేలింది. మన దేశంలో సీఎఫ్‌సీల తయారీ 2008లో ఆగింది. కానీ ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌ను తినదు, ధరా అందుబాటులోనే ఉంది. అందుకే పాత అలవాటు ఇక్కడ బతికిపోయింది. అయితే నూరేళ్ల లెక్కన ఆర్-134ఏ కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,430 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది కాబట్టి దీన్నీ తగ్గించుకుంటూ పోవాల్సిందే.

పదిహేనేళ్ల కారుకు లీకు వెతికి బాగుచేయించే ఖర్చెందుకని అడగొచ్చు. లీకు డ్యాష్‌బోర్డు లోపలి ఎవాపరేటర్‌లో ఉంటే ఆ ప్రశ్నకు బలముంది, డ్యాష్‌బోర్డంతా విప్పాలి. కానీ చాలాసార్లు తప్పు ఒక ఓ-రింగులోనో, గ్యాస్ ఎక్కించే వాల్వు పిన్నులోనో ఉంటుంది. జాయింటు దగ్గర నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లగా మరక కడుతుంది. చేతి లైటు వేసి చూస్తే చాలు. ఆ నూనె కంప్రెసర్‌ది. పైగా కంప్రెసర్‌కు నూనెను మోసుకొచ్చేది ఆ గ్యాసే. గ్యాస్ తక్కువగా ఉన్నా నడిపిస్తూ పోతే నూనె అందక కంప్రెసర్ పట్టేస్తుంది, లోహపు పొడి కండెన్సర్ దాకా పోతుంది. అప్పుడు ఓ-రింగుతో పోయేదానికి ఆ రెండూ మార్చాల్సి వస్తుంది.