ప్రభ కింది కాళ్లు

జగ్గన్నతోటలో గుడి లేదు. కోనసీమలో మోసలపల్లి దగ్గర అదో కొబ్బరితోట, అంతే. కనుమనాడు మాత్రం చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభలెక్కి అక్కడికి వస్తారు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, పెదపూడి నుంచి మేనకేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు... ఇలా ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి కూడి లోకం బాగోగులు మాట్లాడుకుంటారని మా నమ్మకం. ఈ ప్రభల తీర్థం నాలుగు వందల ఏళ్ల నాటి ఆచారమని పెద్దలంటారు. దీని గురించి రాసినవాళ్లంతా దేవుళ్ల మహిమ, ప్రభల సొగసు రాశారు. నేను వయసులో భుజం పెట్టినవాణ్ణి, ఆ తర్వాత బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి. అందుకని కాళ్ల సంగతి రాస్తాను.

ప్రభంటే వెదురు బొంగులు వంచి కట్టిన పెద్ద చట్రం. దానికి రంగురంగుల గుడ్డలు, గంటలు, వరికంకుల కుచ్చులు, మధ్యలో స్వామి. ఒట్టి బరువైతే ఎలాగో మోయొచ్చు. ఎత్తు వల్లే చిక్కంతా. పైన గాలి కొడితే కింద బొంగు ఒక భుజాన్ని అణగదొక్కి, ఇంకో భుజం మీంచి లేచిపోతుంది. పోనీ దారన్నా తిన్నగా ఉంటుందా? నాట్లేసిన చేలో పడి పోవాలి. తొక్కారని రైతు ఒక్క మాటనడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువలో దిగి దాటాలి. నీళ్లలో బురద కాలిని పట్టుకుంటుంది, పైన బరువు తగ్గదు.

నేను మొదటిసారి మోసిన ఏడు, గట్టెక్కుతుండగా తొడకండ చర్మం కింద చేపపిల్లలా ఎగిరింది. మోకాళ్లు టకటకా కొట్టుకున్నాయి. చుట్టూ "అశ్శరభ శరభ" అని కేకలు. స్వామి పూనాడనుకున్నాను. పక్కనున్న మావయ్య నా కాళ్లకేసి చూసి, "పూనకం కాదురా, కండ అలిసింది. వెనకాలోణ్ణి పిలు" అన్నాడు.

మావయ్య మాటలో శాస్త్రముందని వ్యాయామ విద్య చదివాక తెలిసింది. కండలోని పోగులు గుంపులు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపును ఒక్కో నాడీకణం నడుపుతుంది. బరువు తక్కువైతే గుంపులు వంతులవారీగా పనిచేస్తాయి, కాబట్టి కదలిక నున్నగా ఉంటుంది. బరువు మించితే దాదాపు అన్నిటికీ ఒకేసారి పిలుపొస్తుంది. అలిసినవి తప్పుకుంటాయి, మిగిలినవి కలిసి బిగిసి కలిసి వదులుతాయి. జారుతున్న కండను సర్దమని వెన్నుపాము పంపే ఆదేశం కాస్త ఆలస్యంగా చేరడంతో ఊగిసలాట పెరుగుతుంది. మామూలుగా మన చేతుల్లో కంటికి ఆనకుండా సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉండే అదురే అప్పుడు పైకి కనబడుతుంది. ఉద్వేగంలో ఊరే అడ్రినలిన్ దాన్ని ఇంకా పెంచుతుంది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ ఆటలో బార్ తలపైకి లేపితే చాలదు, దించమని సైగ వచ్చేదాకా నిశ్చలంగా నిలబడాలి. ఎత్తిన బరువు అదుపులో ఉందని చూపాలన్నమాట. మా తోటలోనూ వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే, అప్పటికే దించిన ప్రభలన్నిటినీ మర్యాదగా ఒక్కసారి పైకి లేపుతారు. అలిసిన కాళ్లకు అసలు పరీక్ష అదే. వేదిక మీద మల్లీశ్వరి ఒక్కత్తే. ఇక్కడ మాత్రం ఒకడి కాళ్లు ఆడితే ఇంకొకడు భుజం దూరుస్తాడు.

2023 గణతంత్ర దినోత్సవాన కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటం మీద ప్రభల తీర్థం ఊరేగింది. చక్రాల మీద సాగిన ఆ ప్రభకు వణుకెక్కడిది? ఇక్కడ ప్రభ ఇన్ని తరాలు నడిచింది ఉక్కు కాళ్ల వల్ల కాదు, వణికే కాళ్లను గమనించి భుజం మార్చిన పెద్దల వల్ల.

ఈమధ్య కుర్రాళ్లు పంతానికి పోయి కేక వెయ్యడం లేదు. అబ్బాయిలూ, కాళ్లు వణికితే నామోషీ పడకండి, వెనకాలోణ్ణి పిలవండి. మీరు పంతం పట్టి పడితే, మీతోపాటు పడేది ఊరి ప్రభ.